కృష్ణ మీద ప్రభ

మా అత్తయ్య ముప్పై ఎనిమిదేళ్లుగా కృష్ణలో కాలు పెట్టలేదని నాకు ఆ మాఘమాసంలోనే తెలిసింది. మా పెరటి గోడ ఎక్కితే నది కనపడుతుంది. కార్తీక స్నానాలకి అచ్చంపేట నుంచి ఆటోలు కట్టించుకుని మరీ మా రేవుకి వస్తారు జనం. కూతవేటు దూరంలో ఉన్న ఆ నదికి ఈవిడ పోదు. కాపురానికొచ్చిన కొత్తల్లో నేను పిలిచాను కూడా. మోకాళ్లు నెప్పి, మీరు పోయి రాండి అనేది. ఆ మోకాళ్ల నెప్పి మనిషే మిరపచేలో పొద్దున వంగితే మధ్యాహ్నం దాకా నడుమెత్తదు. నాకెందుకు అనుమానం రాలేదో మరి. అత్తగారి మీద అనుమానపడటానికి కోడలికి వేరే సంగతులు బోలెడు ఉంటాయి కదా!

ఆ ఏడు మిరప కోతలూ ప్రభ పనీ ఒకేసారి మీద పడ్డాయి. ప్రభ అంటే ఎరగనివాళ్లకి ఒక మాట చెప్పాలి. శివరాత్రికి మా పల్నాడు ఊళ్లలో వెదుళ్లు, వాసాలు కట్టి, మేడంత ఎత్తు చట్రం నిలబెడతారు. దానికి రంగుగుడ్డలు, కాగితాలు, దేవుడి పటాలు, లైట్లు కడతారు. బండి మీదో ట్రాక్టరు మీదో నిలబెట్టి, నాలుగు వైపులా మోకులు పట్టుకుని, కూలిపోకుండా గుడి దాకా నడిపించుకుపోతారు. నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లన్నీ కోటప్పకొండకి కడతాయి. ఏటి ఒడ్డున ఉన్నాం కాబట్టి మాది అమరావతిలో అమరేశ్వరుడి మొక్కు. మొక్కు మా ఇంటిది, అంటే మా మామయ్య వెంకట్రామయ్యది. ఆయన పదేళ్లు సర్పంచి. కిందటి ఎన్నికల్లో ఓడిపోయాడు. ఓడిపోయిన మనిషి కట్టే ప్రభ పొట్టిగా ఉంటుందా? నలభై అయిదు అడుగులన్నాడు.

కరెంటోళ్లు ఒప్పుకోలేదు. అమరావతి రోడ్డు పొడుగునా తీగలు, ముప్పై అడుగులు దాటితే రోడ్డెక్కనివ్వం అన్నారు. అందులో తప్పేముంది? ఇంకెవరైనా అయితే పదిహేను అడుగులు కోసేసి ఊరుకుంటారు. కానీ పల్నాడులో తన ఎత్తు తాను తగ్గించుకున్న మగవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మామయ్య అరుగు మీద కూర్చుని మూడు రోజులు మీసం దువ్వుకున్నాడు. నాలుగో రోజు పొద్దున, నది మీద తీగలు లేవు గదా అన్నాడు.

అంతే. టీ చల్లారేలోపు ఊరంతా ఆ మాటే. మా రేవులో ఒక బల్లకట్టు ఉంది. రెండు ఇనప పడవల మీద బల్లలు పరిచి చేసింది, ట్రాక్టర్లనీ మిరప లోడ్లనీ అవతలి ఒడ్డుకి చేరవేస్తుంటుంది. పక్కన ఇంజన్ పడవ కట్టి నడిపిస్తారు. ఆ బల్లకట్టు నడిమధ్యన ప్రభని నిలబెట్టి, నీటి వాలున అమరావతి దాకా పోదామని తీర్మానం. ఎవరూ చెయ్యని పని మా ఊరు చెయ్యబోతోందని చెప్పుకుంటుంటే మగవాళ్ల ఛాతీలు రెండంగుళాలు పెరిగాయి. నిజం చెప్పొద్దూ, నాకూ సంబరంగానే ఉంది.

మా ఆయన సాయి కిరణ్ దానికి ఇంకాస్త సొగసు చేశాడు. ఈ గుడ్డముక్కలూ కాగితాలూ పాత మోటు, ఫ్లెక్సీ కొట్టిద్దామని నరసరావుపేట పోయి నలభై అడుగుల ఫ్లెక్సీ చుట్ట తెచ్చాడు. పైన శివుడు, కింద చేతులు జోడించిన మా మామయ్య, ఆ కింద వరసగా పాస్‌పోర్టు ఫొటోల్లో మా పార్టీ కుర్రాళ్లు. కల్లంలో మిరపకాయల పక్కన పరిచి చూసుకుంటున్నారు. కాయలు తిరగేస్తున్న అత్తయ్య పార అక్కడ పెట్టి వచ్చింది. శివుణ్ణీ చూడలేదు, మొగుణ్ణీ చూడలేదు. ఫ్లెక్సీ అంచు రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది. సరిగ్గా అప్పుడే గాలి వీచింది. ఆ గుడ్డ బుస్సున ఉబ్బి ఆవిణ్ణి రెండడుగులు ముందుకి ఈడ్చింది. వదిలేసి, కొడుకుని అడిగింది.

"దీనికి బొక్కలు పెడతార్రా?"

"దేవుడి బొమ్మకి బొక్కలేందమ్మా" అని మా ఆయన నవ్వాడు. వెనకున్నవాళ్లూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తాతల నాటి ప్రభలకి గుడ్డలు విడివిడిగా కట్టింది గుడ్డ చాలక కాదని, గాలి పోవటానికని చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అత్తయ్య ఊరుకునే మనిషి కాదు, ఊరుకోవడం నేర్చుకున్న మనిషి. ఆ తేడా కూడా నాకు తర్వాతే తెలిసింది. ఆ సాయంత్రం మా వాకిట్లో ఇరవై మంది కూర్చున్నారు. ఎవరు ఎక్కడ మోకు పట్టాలి, డీజే బాక్సులు ఎక్కడ పెట్టాలి అని మాటలు నడుస్తున్నాయి. ఇంజన్ నడపడానికి అచ్చంపేట నుంచి ఖాదర్ వలి వచ్చాడు. బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కు, పనిమంతుడు, మా ఇంట్లో వాళ్లని బాబాయ్, పిన్నీ అని వరస పెట్టి పిలుస్తాడు. నేను టీలు అందిస్తున్నాను. అత్తయ్య గుమ్మం దాకా వచ్చి నిలబడి, మామయ్యతో అంది.

"ఏమయ్యా, పొద్దెక్కితే పడమటి గాలి లేస్తది. ఆ ఫ్లెక్సీ తెరచాప అయితది. తెరచాపంటే దించుకోను తాడుంటది, ఇది దించేది కాదు. ఆపాలంటే మీ వల్ల కాదు."

మామయ్య మొహం మా మిరప కల్లంలా ఎర్రబడింది. ఇరవై మందిలో పెళ్లాం మాట పట్టుకుని ప్రభ ఆపితే ఇంకేమన్నా ఉందా?

"పడవలోళ్ల మాటలు ఈ వాకిట్లో వద్దని మా అమ్మ ఆనాడే చెప్పింది నీకు" అన్నాడు.

ఖాదర్ వలి తాగబోయే గ్లాసు కింద పెట్టాడు. అత్తయ్య తల వంచుకోలేదు, ఏడవలేదు. లోపలికి పోయి బియ్యం కడగడం మొదలుపెట్టింది. నేను వెనకే వెళ్లాను. పడవలోళ్లు ఎవరత్తయ్యా అని అడిగితే, చెయ్యి ఆపకుండా చెప్పింది.

వాళ్ల నాన్న పడవ సరంగు. పెద్ద తెరచాప పడవ. సున్నపురాయి, పొగాకు, మిరపకాయ బస్తాలు ఎత్తుకుని బెజవాడ దాకా పోయి వచ్చేవాడట. తల్లి చిన్నప్పుడే పోతే ఈవిడ పడవలోనే పెరిగింది. పన్నెండేళ్లకే చుక్కాని పట్టింది, పదిహేనేళ్లకి ఒక్కతే తెరచాప దించేది. మా రేవులో మిరప లోడు ఎత్తించడానికి వచ్చే మామయ్య చూసి, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని అన్నం మానేసి కూర్చున్నాడట. ఆయన పట్టిన కుందేటికి అప్పుడూ మూడే కాళ్లు. చివరికి ఆయన తల్లి ఒప్పుకుంది, రెండు షరతుల మీద. ఇంటి కోడలు రేవులోకి దిగకూడదు. పుట్టింటి పేరు ఈ గడప మీద ఎత్తకూడదు.

"మరి మీ నాన్న పోయినప్పుడు?" అన్నాను.

"రోడ్డు మీద బస్సులో పోయొచ్చాను" అంది.

ఆవిడ బియ్యం నీళ్లు వంచి, ఎసరు కాగిందేమో చూడమంది. ఆ ఇంట్లో పదకొండేళ్లుగా ఆవిడ చేతి అన్నం తింటున్నాను నేను. ఆ చేతులు ఏం చెయ్యగలవో ఒక్కసారీ అడగలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ మామయ్యతో మాట్లాడటం మానేసింది. ఎనిమిది రోజులు. ఆయన పక్కనే ఉన్నా, ప్రసన్నా, మీ మామయ్యని అన్నానికి రమ్మను అని నాతో చెప్పేది. ఆయనేమో, ప్రసన్నా, మీ అత్తయ్యని మజ్జిగ పొయ్యమను అనేవాడు. ఇద్దరి మధ్యా మూడు జానల దూరం, మధ్యలో నేను పోస్టుమాస్టర్ని. నవ్వొచ్చేది, ఆ వెంటనే బాధా వేసేది. ఫ్లెక్సీకి చిల్లులు పెట్టమని మా ఆయనతో నేనూ ఒకసారి అన్నాను. నీక్కూడా తెరచాప పిచ్చి పట్టిందా అన్నాడు. మళ్లీ అనలేదు. ఆ సంగతికి ఇప్పటికీ నా మీద నాకే కోపం.

శివరాత్రి పొద్దున ఒక చిక్కొచ్చింది. మొక్కు ఉన్న ఇంటి దంపతులు ప్రభ మొదట్లో కూర్చోవాలి. ఇంటి ఇల్లాలు దీపం ఆరకుండా గుడి దాకా తేవాలి. బండి మీద పోయినన్నాళ్లూ ఇబ్బంది లేకపోయింది. ఈసారి బండి నీళ్ల మీద ఉంది. మామయ్యకి ఆ ఆలోచన రేవు దగ్గరికి వచ్చాక తట్టినట్టుంది. ఆయన గొంతు సవరించుకుని, రమ్మను అని నాతో అన్నాడు. అత్తయ్య దీపం పట్టుకుని ఒడ్డున నిలబడింది. నీళ్లు పాదాల దగ్గరిదాకా వచ్చి పోతున్నాయి. తర్వాత చెప్పులు విడిచి బల్ల మీద కాలు పెట్టింది. మేమందరం ఊగే బల్ల మీద ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఎక్కాం. ఆవిడ ఒక చేత్తో దీపం కాపు కాస్తూ, మా వాకిట్లో నడిచినట్టే నడిచి వెళ్లి కూర్చుంది. కూర్చున్నాక దేవుడి వైపు కాదు, పడమర వైపు చూసింది.

ప్రభ కదిలింది. అబద్ధమెందుకు, నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. తెల్లవారే వెలుగులో నలభై అయిదు అడుగుల శివుడు నీళ్ల మీద నడిచిపోతున్నాడు. కింద నీళ్లలో ఇంకో శివుడు తలకిందులుగా వెంట వస్తున్నాడు. ఒడ్డున గొర్రెలు కాసుకునేవాళ్లు చేతులెత్తి దండం పెట్టారు. అవతలి ఒడ్డున పొలాల్లో ఉన్నవాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చి హరహర మహాదేవ అని కేకలు వేశారు. మామయ్య కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. గర్వమూ ఉంది, భక్తీ ఉంది. ఆ మనిషిని ఎన్నైనా అనొచ్చు గానీ, ఆ ఒక్క పూట ఆయన మాట నెగ్గిందనే అనుకున్నాను.

ధరణికోట దగ్గరపడేసరికి గాలి లేచింది.

మొదట అందరికీ హుషారే. ఫ్లెక్సీ ఉబ్బింది, బల్లకట్టు జోరందుకుంది. డీజిల్ మిగిలింది, దేవుడే నెడుతున్నాడని కుర్రాళ్లు ఈలలు వేశారు. ఖాదర్ వలి ఇంజన్ తగ్గించాడు. కాసేపటికి పూర్తిగా తగ్గించాడు. అయినా జోరు తగ్గలేదు, పెరిగింది. ముందు వైపు బల్లల కింద నీళ్లు నురగలు కక్కుతున్నాయి. మోకులు పట్టుకున్నవాళ్లు నవ్వడం మానేశారు. తాళ్లు బిగుసుకుని కిర్రుమంటున్నాయి. దూరంగా అమరేశ్వరుడి గోపురం కనపడింది. కుడివైపు ఒడ్డంతా స్నానాలు చేసే జనం, నడుముల్లోతు నీళ్లలో వేల మంది.

అప్పుడు కనపడింది ఆ పడవ. అవతలి ఒడ్డు నుంచి గుడికి వచ్చే జనాన్ని ఎక్కించుకుని నది మధ్యలో అడ్డంగా వస్తోంది. అరవై మందికి తక్కువ ఉండరు. అంచు దాకా నీళ్లలో మునిగి, నిండు చూలాలిలా మెల్లగా కదులుతోంది. మేం దాని నడుముకి గురిపెట్టినట్టు పోతున్నాం.

ఖాదర్ వలి ఇంజన్‌ని వెనక్కి వేశాడు. బల్లకట్టంతా వణికింది తప్ప ఆగలేదు. వెనక చుక్కాని పట్టుకున్న సాల్మన్ రాజు, బల్లకట్టు మనిషి, ఎంత తోసినా అది మాట వినడం లేదని అరిచాడు. బల్లకట్టు ముక్కు మెల్లగా కుడివైపుకి, స్నానాల జనం వైపుకి తిరుగుతోంది. అటు పోతే వాళ్లు, ఎటూ పోకపోతే వీళ్లు. కుర్రాళ్లు వెదురు గడలు పట్టుకుని ముందుకి పరిగెత్తారు. అంతమంది ఒకే వైపు చేరేసరికి ముందు బల్లలు నీళ్లలోకి వంగాయి. మామయ్య తలగుడ్డ ఊపుతూ తప్పుకోండి, తప్పుకోండి అని అరుస్తున్నాడు. తప్పుకోవడానికి అదేమన్నా ఎడ్లబండా? డీజే హోరులో ఆ అరుపు మాకే వినపడటం లేదు. మా ఆయన దాని వైరు పీకి పారేశాడు. అప్పుడు వినపడ్డాయి, ఆ పడవలో ఆడవాళ్ల ఏడుపులు.

"ప్రసన్నా, ఇది పట్టుకో."

అత్తయ్య దీపం నా చేతిలో పెట్టింది. కొంగు బిగించి వెనక్కి నడిచింది. పరిగెత్తలేదు. చుక్కాని దగ్గర సాల్మన్ రాజు పక్కన నిలబడి, కర్ర మీద చేతులు వేసి, ఇంజన్ పడవలో ఉన్న ఖాదర్ వలిని పిలిచింది.

"ఖాదరూ, ముందుకి కొట్టు."

"ముందుకా? ముందు పడవుంది పిన్నీ."

"నాకు కనపడతంది. వెనక్కి లాగితే చుక్కాని చచ్చిపోద్ది. నీళ్లు తగిలితేనే అది తిరిగేది. ఎంతుంటే అంత కొట్టు."

ఖాదర్ వలి మామయ్య వైపు చూశాడు. ఒక్క రెప్పపాటు. ఆ తర్వాత ఖాదర్ వలి కళ్లు మూసుకుని బిస్మిల్లా అంటూ ఇంజన్‌ని ముందుకి తోశాడు. ఎందుకు నమ్మావని తర్వాత అడిగితే, భయపడి అరిచే గొంతూ పని చెప్పే గొంతూ నాకు తెలుసక్కా, మెకానిక్కుని గదా అన్నాడు.

బల్లకట్టు ఒక్కసారిగా ఆ పడవ మీదికి దూకింది. దేవుడా, ఈవిడకి మతి పోయిందనుకున్నాను నేను. అనుకున్నానని ఒప్పుకుంటాను. పడవలో మొహాలు ఒక్కొక్కటీ విడిగా కనపడుతున్నాయి. పసుపు చీర ముసలమ్మ ఒకామె గాజుల చేతులు మా వైపు చాపి వద్దు వద్దంటోంది, చేతులతో మమ్మల్ని ఆపేయగలనన్నట్టు. ఒకతను చంటిబిడ్డని తల మీదికి ఎత్తేశాడు.

"అందరూ ఈడనే కూసోండి. ఒరేయ్ కిరణూ, ఆ గాలి పక్క మోకు వదలబాక" అంది అత్తయ్య. గట్టిగా కూడా అనలేదు. ముందుకి పరిగెత్తినవాళ్లందరూ ఉన్నచోట కూలబడ్డారు. మా ఆయన మోకుని నడుముకి చుట్టుకుని వెనక్కి వాలాడు. అత్తయ్యా సాల్మన్ రాజూ చుక్కాని మీద ఒళ్లంతా వేసి తోశారు. ఆవిడ పాదాలు బల్ల మీద జరగకుండా, వేళ్లు బిగించి పట్టి ఉన్నాయి. ఇంకా, ఇంకా, అంటోంది సాల్మన్ రాజుతో.

తిరిగింది. నేను కళ్లారా చూశాను. అంత బరువు, అంత ఎత్తు, నలభై మందిమి, అన్నీ కలిపి ఎడమ వైపుకి తిరిగాయి. మొదట మెల్లగా, తర్వాత గిర్రున. గాలికి ఎదురొడ్డి ఉబ్బిన ఫ్లెక్సీ సడలింది. తుపాకులు పేల్చినట్టు ఫటఫటా కొట్టుకుంది. ప్రభ గాలికి అడ్డంగా ఉన్నది కాస్తా పక్కకి తిరిగింది. గాలి రెండు వైపుల నుంచీ జారిపోయింది. పొంగే పాల మీద చన్నీళ్లు చల్లినట్టు ఆ జోరంతా అణిగిపోయింది. ఎంత గాలి, ఎంత బలం, ఎక్కడికి పోయింది అదంతా? గాలి ఇంకా వీస్తూనే ఉంది, నా కొంగు ఎగురుతూనే ఉంది. కానీ మమ్మల్ని నెట్టడం మానేసింది.

"ఇప్పుడు తగ్గించు, ఖాదరూ. కొంచెం వెనక్కి."

బల్లకట్టు అడ్డంగా నిలబడిపోయింది. ఆ పడవకీ మాకూ మధ్య మూడు బారల నీళ్లు. మేం లేపిన అలకి పడవ ఊగింది, నాలుగు దోసిళ్ల నీళ్లు లోపల పడ్డాయి. అంతకంటే ఏమీ కాలేదు. చంటిబిడ్డ మాత్రం తండ్రి చేతుల్లోంచి దిగి హాయిగా ఏడుపు అందుకుంది. ఎవరూ హరహర మహాదేవ అనలేదు, చప్పట్లు కొట్టలేదు. వంద మంది మనుషులు నది మధ్యలో మాటా పలుకూ లేకుండా ఉండిపోవడం నేనెప్పుడూ చూడలేదు. మా వంటింట్లో పదకొండేళ్లు నాతో కలిసి ఉల్లిపాయలు తరిగిన మనిషి ఈవిడేనా అని చూస్తూ నిలబడ్డాను. దీపం చేతిలో ఉందన్న సంగతే మర్చిపోయాను.

అత్తయ్య మొదట అడిగింది కొడవలి. ఫ్లెక్సీ కోసెయ్యమంది. మా ఆయన మారు మాట్లాడకుండా వెదుళ్లెక్కి పై నుంచి కింది దాకా కోసుకుంటూ వచ్చాడు, తండ్రి ఫొటో మధ్యలోంచి కూడా. చేతులు జోడించిన మామయ్య సగం కృష్ణలో పడి, నీటి వాలున మా కంటే ముందే అమరావతికి బయల్దేరాడు. ఆ పరిస్థితిలోనూ నాకు నవ్వొచ్చింది. మామయ్య అటు చూడలేదు. ఆయన కళ్లు అత్తయ్య చేతుల మీద ఉన్నాయి.

ఈలోగా ఆ పడవ మా పక్కకి వచ్చి ఆనుకుంది. దాన్ని నడిపే ముసలాయన, తల నెరిసి, ఎండకి నల్లగా కాలిన మనిషి, మా బల్ల అంచు పట్టుకుని అత్తయ్య వైపే చూస్తున్నాడు. తిట్టిపోస్తాడనుకున్నాం. తిట్టాల్సిన మాటే. ఆయన గొంతు మాత్రం గుడిలో మాట్లాడినట్టుంది.

"ఎదురుగా పోయి తిప్పటం నేను కుర్రోడిగా ఉన్నప్పుడు చూశానమ్మా. ఈ ఏటి మీద అట్టా తిప్పే సరంగు ఒక్కడే ఉండేవోడు. ఎవరి తాలూకమ్మా నువ్వు?"

మా వైపు ఆడదాన్ని ఎవరి తాలూకని అడిగితే మొగుడి పేరు చెబుతుంది, లేకపోతే ఇంటిపేరు. ఏ ఆడదైనా అదే చెబుతుంది. మా ఊరంతా అక్కడే ఉంది. మామయ్య రెండడుగుల దూరంలో ఉన్నాడు. అత్తయ్య ఆయన వైపు ఒకసారి చూసింది. అది అనుమతి అడిగే చూపు కాదు, నేనిప్పుడు చెప్పబోతున్నానని చెప్పే చూపు.

"పడవ నాంచారయ్య కూతుర్ని" అంది.

ముసలాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అంత మంది ముందు మామయ్య మళ్లీ ఏదో ఒక మాట అంటాడు, అది అన్నాక ఇక ఈ ఇంట్లో ఏదీ అతకదు, అనిపించింది. ఆయన ముందుకి వచ్చాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. ముసలాయన ఎదురుగా బల్ల మీద గొంతుక్కూర్చున్నాడు. పదేళ్లు సర్పంచి చేసిన మనిషి, ఇంకొకడి ఎదుట అలా కూర్చోవడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

"నేను నాంచారయ్యగారి అల్లుణ్ణి, అన్నా" అన్నాడు. "తప్పు నాది. మీవోళ్లకి చెప్పు."

ఆయన గొంతు చివర్లో బొంగురుపోయింది. ముసలాయన మామయ్య భుజం మీద తడి చెయ్యి వేసి తీశాడు. పడవ విడిపించుకుని రేవు వైపు పోయింది. దాటిపోతున్నప్పుడు ఆ పసుపు చీర ముసలమ్మ మా అత్తయ్యని కళ్లార్పకుండా చూస్తూనే ఉంది.

ఉత్త వెదుళ్ల ప్రభతో మేమూ బయల్దేరాం. సాల్మన్ రాజు చుక్కాని తీసుకోబోతే అత్తయ్య ఇవ్వలేదు. మామయ్య లేచి ప్రభ మొదట్లో తన చోటికి పోతాడనుకున్నాను. పోలేదు. ఆవిడ పాదాల పక్కన బల్ల మీద కూర్చున్నాడు, రేవు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.